పది అడుగులకోసారి ఆగే గుర్రం

యాప్రాల్,
సెప్టెంబర్ 4

బాపూకి,

ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానో ముందే చెప్తాను. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. అత్తమ్మ ఎత్తి, "నీతోని మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నడు బిడ్డా" అంటుంది. వెనకాల నుంచి నువ్వు "ఇంట్ల లేనని జెప్పు" అని అరవడం నాకు వినిపిస్తూనే ఉంటుంది. కాలికి సిమెంటు కట్టుతో మంచం మీద ఉన్నవాడు ఎక్కడికి పోయాడని నేను అనుకోవాలి? పోయిన ఆదివారం వికారాబాద్‌లో అత్తమ్మ ఇంటి దాకా వస్తే గోడవైపు తిరిగి పడుకున్నావు. ఇక మిగిలింది ఉత్తరమే. శక్కర్‌ను తనకు అమ్మేయమని మా సార్ అడుగుతున్నారు. గుర్రం నీది కాబట్టి జవాబు నువ్వే చెప్పాలి.

నీకూ అత్తమ్మకూ చదువు రాదు కనుక పక్కింటి సామ్యూల్ గారే చదువుతారు. సామ్యూల్ గారూ, నమస్కారం. ముప్ఫై ఏళ్ళు రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేసిన మీరు దీన్ని కూడా ఒక పార్సిల్ అనుకోండి. మా బాపు "చాలు, ఆపు" అన్నా ఆపకండి.

నీ కోపం ఎందుకో నాకు తెలుసు. కాలు విరిగిన రోజు శక్కర్‌ను బ్యాండ్ మాస్టర్ బ్రహ్మచారి దగ్గర కట్టేయమన్నావు. నేను వ్యాన్ ఎక్కించి యాప్రాల్ తీసుకొచ్చాను. బ్రహ్మచారి మామ అయితే దాన్ని రోజుకు మూడు పెళ్ళి బరాత్‌లకు తిప్పేవాడు. ఇది నేను పనిచేసే చోటు, కళ్ళ ముందు ఉంటుందనుకున్నాను.

ఇప్పుడు శక్కర్ ఉద్యోగం ఏమిటో విను. అది టీచర్.

మా విష్ణువర్ధన్ సార్ ఇరవై ఏళ్ళు సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. ఒకరోజు ఒక గుర్రం కళ్ళలోకి చూశారట, జీవితం అర్థమైందట, ఉద్యోగం మానేశారట. ఆ గుర్రానికి ఏమర్థమైందో ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఎకరంన్నరలో మెత్తటి ఇసుక పోయించి "ఎరుకతో గుర్రాన్ని నడిపించడం" అనే శిబిరం నడుపుతున్నారు. పెద్ద పెద్ద కంపెనీల వాళ్ళు ఏసీ బస్సుల్లో దిగుతారు. ఒక్కొక్కరి చేతికి తాడు ఇస్తారు. లాగకూడదు, అరవకూడదు. మనసులో స్పష్టత ఉంటే గుర్రం దానంతట అదే వెంట వస్తుందని సార్ చెప్తారు. మా దగ్గర ఇంకా రెండు రేసు గుర్రాలున్నాయి. ఒకటి ఎవరితోనూ నడవదు. రెండోది ఎవరు తాడు పట్టుకున్నా వాళ్ళను ఈడ్చుకుని పరిగెత్తుతుంది. కాబట్టి బోధన భారమంతా శక్కర్ మీదే.

శక్కర్ ఏం చేస్తుందో నీకు చెప్పాలా? పది అడుగులు వేస్తుంది. ఆగుతుంది. తల ఎత్తి ఎటో చూస్తూ నిలబడుతుంది. అప్పుడు సార్ కళ్ళు మూసుకుని, "ఆగింది. ఎందుకు ఆగింది? మీలో ఏదో ఆగిపోయింది కాబట్టి" అంటారు. అంతే, ఏడుపులు. మొన్న మీసాలున్న ఒక బ్యాంకు మేనేజరు, తమ్ముడితో మాట్లాడక తొమ్మిదేళ్ళయిందని ఇసుకలో కూలబడి భోరుమన్నాడు.

అది ఎదురు చూసేది పెళ్ళికొడుకు బావమరుదుల డాన్స్ కోసమని నాకు తెలుసు. నేను చెప్పలేదు. ఇక్కడ జీతం తీసుకుంటున్నాను. మన ఇంట్లో మొదట బడికి వెళ్ళింది నేనే కదా, ఎప్పుడు నోరు మూసుకోవాలో కూడా అక్కడే నేర్చుకున్నాను.

ఇంకో చిన్న విషయం. పశువుల డాక్టర్ రాధిక గారు పళ్ళు చూద్దామంటే శక్కర్ నోరు ముట్టుకోనివ్వడం లేదు. చేయి దగ్గరికి రాగానే తల ఎత్తేసి వెనక్కి తగ్గుతోంది. ఎందుకలా?

నీ
కల్పలత

*

వికారాబాద్,
సెప్టెంబర్ 13

చిరంజీవి కల్పలతకు సామ్యూల్ ఆశీస్సులు.

మీ నాన్నగారు మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నారు గాని, వ్రాయించనని పెట్టుకోలేదు. ఆ సంగతి నేను గుర్తుచేయగా అరగంట ఆలోచించి ఒప్పుకున్నారు. ఆయన చెప్పింది చెప్పినట్టే వ్రాస్తున్నాను. చర్చి సంఘపు పెద్దగా నేను వ్రాయలేని మాటలు వచ్చినచోట చుక్కలు పెట్టాను.

"కల్పా! ఏందే గిది? నేను నిన్ను సదివిపిస్తే నువ్వు వొయ్యి నా గుర్రాన్ని పంతులమ్మను జేసినవా? మీసాలున్నోడు గుర్రం ఆగిందని ఏడ్సిండా? నేను ముప్పై ఏండ్ల సంది బరాత్‌లు తోలుతున్న. పెండ్లికొడుకు సుత గట్ల ఏడ్వలే. ఏడ్వనీకి వానికి బరాబర్ హక్కుండె.

మీ సార్ ……. ఆయనకు జెప్పు. పది అడుగులకు ఆగుడు నేను నేర్పింది. ఆర్నెల్లు పట్టింది. బోయిగూడ కమాన్ కాడ పొద్దుగాల నాలుగింటికి లేసి నేర్పిన. పది అడుగులకు ఆగకుంటే బామ్మర్దులు ఎగురనీకి జాగ ఉండదు. ఎగురకుంటే బ్యాండోనికి నోటు దొరకది. గా లెక్క మీద ఆగుతది గని వాని లోపట ఏం ఆగిందో దానికేం ఎర్క? అది గుర్రమా, డాక్టరా?

మా పంతులమ్మకు పొద్దుగాల శెనగలు పెడుతున్నరా? లేకుంటే గవి సుత స్పష్టత అని పెడుతున్నరా?

అమ్ముడు గిమ్ముడు లేదు. నవంబర్ ఇరవై రెండుకు జనరల్ బజార్ల సోనార్ సేఠ్ కొడుకు లగ్గం. బ్రహ్మచారికి మాట ఇచ్చిన. అప్పటికి నా కాలు అతుకుతది. ఆలోపట గుర్రం బోయిగూడల మనింట్ల ఉండాలె. లేకుంటే నేనే కుంటుకుంట వచ్చి తోలుకపోత."

గుర్రం నోటి సంగతి చదవగానే ఆయన నన్ను ఆపమన్నారు. నీళ్ళు అడిగారు. తాగి, "దానికి డాక్టర్లంటే భయం, గంతే రాయి" అన్నారు. వ్రాశాను.

మీ మేనత్త అనసూయమ్మ గారు, ఇద్దరికీ ఒకటే మొండితనం, ఆ గుర్రం ఒక్కటే బుద్ధిమంతురాలు అని వ్రాయమన్నారు.

ఇట్లు,
సామ్యూల్

*

యాప్రాల్,
సెప్టెంబర్ 27

బాపూకి,

శెనగలు పెడుతున్నాం. నానబెట్టినవే. బెల్లం ముక్క కూడా.

గురువారం ఒక ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి పన్నెండు మంది వచ్చారు. వాళ్ళ పెద్ద మేడం పేరు ఝాన్సీలక్ష్మి. కిందివాళ్ళంతా ఆమెను చూసి వణుకుతున్నారు. తాడు ఆమె చేతికి వచ్చింది. శక్కర్ పది అడుగులకు ఆగింది. సార్ కళ్ళు మూసుకుని తన మాట మొదలుపెట్టబోతే, ఆమె, "నాలో ఏమీ ఆగలేదండీ. గుర్రానికి ఏం కావాలో కనుక్కోండి" అంది. మిగతా పదకొండు మందీ ఒక్కసారి నేల చూశారు. సార్ కళ్ళు తెరవకుండానే, "కోపం కూడా ఒక ద్వారమే" అన్నారు. ఏ ద్వారమో చెప్పలేదు. తర్వాత అందరికీ రాగిజావ పోశారు.

ఆ సాయంత్రం ఇసుకలో ఎవరూ లేనప్పుడు నేనే తాడు పట్టుకున్నాను. పుట్టినప్పటి నుంచీ గుర్రాల ఇంట్లో ఉన్నాను, బి.కాం. చదివాను, శిబిరం కరపత్రాలు నేనే టైపు చేస్తాను. కానీ ఏ రోజూ నువ్వు నాకు తాడు ఇవ్వలేదు. "సదువుకో పో" అనేవాడివి. సార్ చెప్పినట్టు మనసులో స్పష్టత తెచ్చుకున్నాను. శక్కర్ కదల్లేదు. ఇంకా స్పష్టత తెచ్చుకున్నాను. అది తోకతో ఈగను కొట్టుకుంది. అప్పుడు నేను లాగాను.

బాపూ, నేను అంత గట్టిగా లాగలేదు. దాని నోట్లో ఏ ఇనుమూ లేదు, ముఖానికి ఉత్త తాడే ఉంది. అయినా అది తల ఆకాశానికి ఎత్తి, నోరు తెరిచి, కళ్ళు తెల్లగా తిప్పి వెనక్కి వెనక్కి పోయి కంచెకు కొట్టుకుంది. వణికింది. నేను తాడు వదిలేసి పక్కన నిలబడ్డాను. చాలాసేపు వణుకుతూనే ఉంది.

మర్నాడు రాధిక గారు మత్తు ఇచ్చి నోరు చూశారు. నన్నూ చూడమన్నారు. నాలుక అంచున కుట్టేసిన బట్టలా ఒక పాత గాటు. కింది దవడ మీద, పళ్ళు లేని చోట, రెండువైపులా గడ్డకట్టిన మచ్చలు. "ముళ్ళ కళ్ళెం వాడారు. చట్టప్రకారం నేరం. ఎవరి పని ఇది?" అని అడిగారు. "మేం కొన్నప్పుడే అలా ఉంది" అన్నాను. శక్కర్ రెండేళ్ళ పిల్లగా మన ఇంటికి వచ్చింది. దానికి అప్పటికి కళ్ళెమే అలవాటు లేదు. ఇది నీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఈ సంగతి విని మా సార్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. తర్వాత కళ్ళు తుడుచుకుని, "అమ్మా కల్పలతా, ఆ మచ్చలే దాని సిలబస్. ఫోటోలు తీయించు, కొత్త కరపత్రంలో వేద్దాం" అన్నారు.

ఆయన సంగతి తర్వాత చూస్తాను. ముందు నువ్వు చెప్పు. ఆ మచ్చలు ఎక్కడివి?

కల్పలత

*

వికారాబాద్,
అక్టోబర్ 3

చిరంజీవి కల్పలతకు,

మీ నాన్నగారు చెప్పినది:

"చిన్నప్పుడు తుమ్మకొమ్మలు నమిలింది. ముండ్లు గుచ్చుకున్నయ్. దానికింత పంచాయితా? ఆ డాక్టరమ్మకు పని లేదు. నువ్వు సుత పని లేనోళ్ళల్ల కల్సినవ్. గుర్రాన్ని తయ్యార్ పెట్టు."

ఇంతే చెప్పారు. పార్సిల్ ఆఫీసులో మేము బయట ఏమి వ్రాసి ఉందో చూసి పంపేవాళ్ళం, లోపల ఏముందో విప్పేవాళ్ళం కాదు. నేను వ్రాయగలిగింది వ్రాశాను.

సామ్యూల్

*

బోయిగూడ,
అక్టోబర్ 8

బాపూకి,

మన ఇంటి నుంచే రాస్తున్నాను. నీ రేకు పెట్టె తెరిచాను.

పైన మఖ్మల్ జీను ఉంది. దాని కింద అద్దాల పట్టీ, తలకు కట్టే తురాయి, నడుముకు వేసే జరీ బట్ట. అన్నిటికీ అడుగున, ఎర్రగుడ్డలో, నీ తుమ్మకొమ్మ దొరికింది. ఇనుముతో చేశారు దాన్ని. రెండు చివర్లా చక్రాలున్నాయి, ఒక్కో చక్రానికి ఏడు మేకులు. మొనలు అరిగిపోయాయి. వాడకుండా దాచిపెట్టిన వస్తువు అరగదు.

నా ముంజేతి మీద పెట్టుకుని నొక్కాను. మెల్లగానే. నువ్వు బరాత్‌లో ఎలా లాగుతావో నాకు తెలియదు కాబట్టి అంతకంటే గట్టిగా నొక్కలేదు. ఏడు చుక్కలు లేచాయి. ఇప్పటికీ ఉన్నాయి.

గుర్రంతో మాట్లాడే మనిషినని పేటంతా చెప్పుకుంటావు. ఎల్లమ్మ గుడి అరుగు మీద కూర్చుని, "నేను శక్కర్ చెవుల ఒక్క మాట అంటే సాలు, లారీ వచ్చినా కదలది" అంటావు. నాలుక మీద మేకులు పెట్టి మాట్లాడితే ఎవరైనా వింటారు బాపూ. నేనైతే బి.కాం. దాకా ఆగేదాన్ని కాదు, ఒకటో తరగతిలోనే వినేదాన్ని.

మా సార్‌ను చూసి నవ్వుకున్నాం కదా ఇద్దరం. ఆయన గుర్రానికి లేనిపోని మనసు అంటగట్టాడని నవ్వాం. కనీసం ఆయన దాని నోట్లో ఏమీ పెట్టలేదు. మచ్చలను కరపత్రంలో వేసుకుంటున్నాడు, అంతే. మచ్చలు పెట్టింది నువ్వు.

నాకూ నవ్వు వస్తోంది, నన్ను చూసి. ఇరవై మూడేళ్ళు అదే కొట్టం పక్కన పడుకున్నాను. బరాత్ నుంచి వచ్చాక శక్కర్ నీళ్ళ తొట్టిలో మూతి పెట్టి అంతసేపు ఎందుకు ఉంటుందో ఒక్కరోజూ అడగలేదు. దాహం అనుకున్నాను. నా ఫీజు, నా పుస్తకాలు, డిగ్రీ ఫోటోకు కొన్న చీర, అన్నీ ఆ నోటి మీదుగా వచ్చాయి. బాగా చదువుతానని పంతుళ్ళంతా మెచ్చుకున్నారు. కళ్ళ ముందున్నది మాత్రం చదవలేకపోయాను.

సామ్యూల్ గారూ, ఈ ఉత్తరం మొత్తం చదవండి. ఆయన నీళ్ళు అడిగితే ఇవ్వండి, కానీ తాగాక మళ్ళీ మొదటి నుంచి చదవండి.

ముళ్ళు ఎప్పుడు పెట్టావు? ఎందుకు పెట్టావు? ఇరవై రెండో తేదీ పెళ్ళికి మళ్ళీ పెడతావా? ఇంతకంటే నాకేమీ అక్కర్లేదు.

కల్పలత

*

వికారాబాద్,
అక్టోబర్ 14

చిరంజీవి కల్పలతకు,

రెండుసార్లు చదివాను. రెండు రోజులు ఆయన అన్నం ముందు కూర్చోవడం, లేవడం జరిగింది. ఈ ఉదయం తనే నన్ను పిలిచారు. చుక్కలు పెట్టవలసిన మాట ఒక్కటీ రాలేదు.

"బిడ్డా. అది తుమ్మకొమ్మ కాదు.

నువ్వు తొమ్మిదో తరగతిల ఉన్నప్పుడు నేను మొకమంత వాసి ఇంటికొచ్చిన, యాదికుందా? సైకిల్ మీదికెళ్ళి పడ్డ అని జెప్పిన. పడలే. మోండా మార్కెట్ కాడ బరాత్ పోతుంటే పెండ్లికొడుకు దోస్తులు పటాకుల లడీ ముట్టిచ్చి దాని కాళ్ళల్ల ఏసిన్రు. నవ్వులాటకు. అది ఉరికింది. నా చేతుల ఉత్త లగాం. పెండ్లికొడుకు మిఠాయి దుకాణం ముందట పడ్డడు, భుజం బొక్క ఇరిగింది. పటాకులేసినోళ్ళను ఎవ్వలు ఏమనలే. నన్ను కరెంటు పోల్‌కు కట్టి కొట్టిన్రు. లగ్గం బట్టలల్ల ఉండి కొట్టిన్రు.

తెల్లారి బ్రహ్మచారి వచ్చి గా కళ్లెం ఇచ్చిండు. గిది ఎయ్యి, లేకుంటే రాకు అన్నడు. ఏసిన. వదులుగనే పట్టుకుంటనని ఏసిన. రెండుసార్లు గుంజిన."

ఇక్కడ ఆగి, "సామ్యూల్ సాబ్, రెండు కొట్టెయ్. శానాసార్లు అని రాయి" అన్నారు. కొట్టివేత కనిపించేటట్టే ఉంచాను.

"మీ సార్ తిక్కోడే గని ఒక్క మాట కరెక్టు. గుంజొద్దు. నువ్వు గుంజినవంటే నాకు మస్తు తక్లీఫ్ అయింది, ఎందుకంటే నేను నేర్పకపోతినే. ఇను. దాని ముందట నడవకు, ఎన్కకు నడవకు. భుజం కాడ నిలబడు. దాని కండ్లల్లకు సూడకు, వొయ్యే దిక్కు సూడు. అడుగు ఏసేముందు జెప్పు, ఏసినంక కాదు. ఆపాలంటే ముందుగాల నువ్వు ఊపిరి ఇడువు. నువ్వు ఊపిరి పట్టుకుంటే అది ఏదో ఆపద వచ్చిందనుకుంటది. నువ్వు జెప్పింది సమజైతే ఒక చెవి నీ దిక్కు తిప్పుతది. గదే జవాబు. జవాబు వచ్చేదాకా ఇంకో మాట అనకు. అనుకుంట పోతే అది లొల్లి అయితది, మాట కాదు. తాడు ఎప్పుడు గుంజుతరంటే, చెప్పనీకి నీకాడ మాట లేనప్పుడు.

గివన్ని ఎర్కుండి ముండ్లెందుకు ఏసినవ్ అంటవ్. నాకు ఎర్కనే. బజార్ల పటాకులేసేటోనికి ఎర్క లేదు గద.

ఇరవై రెండుకు ఎయ్యాలె బిడ్డా. ఎయ్యకుంటే బ్రహ్మచారి పిలవడు. ఇంకోసారి పోల్‌కు కట్టిచ్చుకునే పానం నాకాడ లేదు. గుంజ. ఈసారి గుంజ."

ఇది చెప్పి గోడవైపు తిరిగారు. ఇక మిగిలినది ఆయన మాటలు కావు, నావి. నేను ఇన్నేళ్ళు ఆదివారపు పాఠశాలలో గాడిద మీద వచ్చిన ప్రభువును గురించి చెప్పాను గాని, ఆ గాడిద నోటిని గురించి ఎన్నడూ ఆలోచించలేదు.

సామ్యూల్

*

యాప్రాల్,
అక్టోబర్ 28

బాపూకి,

తొమ్మిదో తరగతి నాకు గుర్తుంది. నీకు పసుపు, వేడినీళ్ళు పెట్టింది నేనే. సైకిల్ మీద నుంచి పడినవాడికి రెండు మణికట్ల మీదా తాడు ఒరిపిళ్ళు ఎందుకున్నాయో ఆ రోజూ అడగలేదు. ఆ కొట్టినవాళ్ళలో ఒక్కడి పేరైనా నీకు తెలిసి ఉంటే బాగుండేది, మా శిబిరానికి పిలిచేదాన్ని. రేసు గుర్రాన్ని ఇచ్చేదాన్ని.

నువ్వు చెప్పినట్టు చేశాను. భుజం దగ్గర నిలబడ్డాను. మొదటి మూడు రోజులు అది నన్ను స్తంభం అనుకుంది. నాలుగో రోజు ఊపిరి వదిలితే ఆగింది. ఆరో రోజు చెవి తిప్పింది. ఏ శిబిరంలోనూ ఏడవని నేను ఆ చెవి చూసి ఏడ్చాను. ఎవరూ చూడలేదు, లేకపోతే సార్ కరపత్రంలో వేసేవారు.

దీపావళి సాయంత్రం ప్రహరీ అవతల కాలనీవాళ్ళు చిచ్చుబుడ్ల నుంచి బాంబుల దాకా వచ్చారు. శక్కర్‌ను పట్టుకుని నిలబడ్డాను, ముఖానికి ఉత్త తాడుతో. నీకు అబద్ధం చెప్పను. మొదటి లడీకి నన్ను ఇరవై అడుగులు ఈడ్చింది. నా కుడికాలి మీద డెక్క వేసింది, బొటనవేలి గోరు పోయింది. కానీ నేను గుంజలేదు. "చల్ బేటీ" అని నడిపించాను, ఊపిరి వదిలాను, మళ్ళీ నడిపించాను. దూరంగా పేలినవాటికి వణికింది గాని నిలబడింది. కాళ్ళ దగ్గర పేలితే నిలబడదు. ఏ గుర్రమూ నిలబడదు. మేకులు పెట్టినా అది నిలబడలేదు, నొప్పికి కదల్లేకపోయింది. ఆ రెండిటికీ తేడా నీకు నాకంటే బాగా తెలుసు.

ఇక్కడి ఉద్యోగం అయిపోయింది. కొత్త కరపత్రం వచ్చింది. శక్కర్ నాలుక ఫోటో, కింద "గాయం నుంచి నాయకత్వం వైపు". శనివారం ఆ ఇన్సూరెన్స్ మేడం ఝాన్సీలక్ష్మి గారు ఇంకో జట్టుతో వచ్చారు. శక్కర్ ఆగింది. సార్ కళ్ళు మూసుకున్నారు. నేను అందరి ముందూ, "మేడం, దానికి మీ మనసుతో పని లేదు. అది బరాత్ గుర్రం. ముందర ఎవరైనా డాన్స్ చేస్తే కదులుతుంది" అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఝాన్సీలక్ష్మి గారు చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, తీన్‌మార్ మొదలుపెట్టారు బాపూ! ఏ బామ్మర్దీ అలా ఎగరడు. శక్కర్ పది అడుగులు వేసింది. అప్పుడు ఆ జట్టంతా విరగబడి నవ్వింది. ఆమె ఆయాసపడుతూ, "చూశారా, నేను చెప్పానుగా, గుర్రాన్నే అడగాలని" అన్నారు. సార్ మాత్రం, "ఇది కూడా ఒక దృక్కోణం" అన్నారు.

మర్నాడు నన్ను పిలిచి, గుర్రాన్ని అమ్మడమో, నవంబర్ తొమ్మిదిన ఖాళీ చేయడమో తేల్చుకోమన్నారు. అమ్మను. దాని నాలుక చూపించి బతకడం బ్రహ్మచారి మామ కళ్ళెం కంటే మర్యాదగా ఉండొచ్చు గాని, మేలేమీ కాదు.

నీ దగ్గరికీ ఊరికే పంపను. నా మాట ఇది. ఇరవై రెండో తేదీ బరాత్‌కు శక్కర్ వస్తుంది, మామూలు కళ్ళెంతో. ఎడమపక్క తాడు నేను పట్టుకుంటాను. నువ్వు కుడిపక్క నడు. కుంటుకుంటూ నడిచినా పరవాలేదు. ముందు రోజే నేను జనరల్ బజార్ వెళ్ళి సేఠ్‌తో మాట్లాడి, గుర్రం ముందూ వెనకా యాభై గజాల్లో పటాకులు కాల్చబోమని కాగితం మీద సంతకం పెట్టిస్తాను. కాగితం ఇంగ్లీషులో కూడా రాస్తాను, భయపడతారు. లడీ ఎవరైనా విసిరితే పెళ్ళికొడుకును అక్కడే దింపేసి ఇంటికి తోలుకొస్తాం. "ఆడపిల్ల గుర్రం పట్టుకుంటే లగ్గం చెడిపోతది" అని బ్రహ్మచారి మామ అంటాడు. అననీ. ఆయన బ్యాండు వాయించిన లగ్గాలన్నీ బాగుపడ్డాయా ఏం?

ఆయన పిలవకపోవచ్చు. ఈ ఒక్క పెళ్ళి కాదు, ఈ ఏడాది పెళ్ళిళ్ళన్నీ పోవచ్చు. అది తెలిసే రాస్తున్నాను. నాకు ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. నీకు ఇంకో బతుకు దొరకడం కష్టమని కూడా నాకు తెలుసు. అందుకే ఆజ్ఞ వేయడం లేదు, అడుగుతున్నాను.

నువ్వు కాదంటే, శామీర్‌పేట దగ్గర పనిచేయలేని గుర్రాలను ఉంచే చోటు ఒకటి ఉందని రాధిక గారు చెప్పారు. అక్కడ మేత పెడతారు. ఎవరినీ మోయనక్కర్లేదు. తిరిగి ఇవ్వరు. కళ్ళెం ఎవరిదని ఆమె ఇంకోసారి అడిగితే ఈసారి అబద్ధం చెప్పను. గుర్రం నీదే బాపూ. నోరు మాత్రం దానిది.

సామ్యూల్ గారిని తొందరపెట్టి, నవంబర్ ఎనిమిదిలోగా జవాబు నా చేతికి అందేలా పంపించు. తొమ్మిదో తేదీ పొద్దున ఏడింటికి వ్యాన్ వస్తుంది. బోయిగూడకు పోవాలో, శామీర్‌పేటకు పోవాలో డ్రైవర్‌కు నేను చెప్పాలి.

నీ బిడ్డ
కల్పలత